ఇసుక ఏం చేస్తుంది? పాత వీడియో గేముల్లో ఎడారులు

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినిపిస్తోందా? సరే. ముందు వరస ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి, ఎవర్నీ లేపి ప్రశ్నలడగను. అంటే ప్రశ్నలు అడుగుతాను గానీ, జవాబులు కూడా నేనే చెప్పేసుకుంటాను.

పాత వీడియో గేముల్లో ఎడారుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకాయన "గంటసేపు ఏం మాట్లాడతారండీ, అంతా ఇసుకే కదా" అన్నారు. మంచి మాట. అంతా ఇసుకే కదా. మరి ఆ ఇసుక ఆటలో ఏం చేస్తుంది? ఊరికే కింద పరిచి ఉంటుందా, లేకపోతే మీ కాలు పట్టుకుని లాగుతుందా? ఎవరు ఏ ఎడారి గేమ్ తెచ్చి చూపించినా నేను మొదట చూసేది ఇదొక్కటే. ఇసుక ఏం చేస్తోంది? ఏమీ చెయ్యకపోతే అది ఎడారి కాదు, గోడకి పసుపు రంగు వేశారు, అంతే.

పాతవి అంటే ఎంత పాతవి అని ఎవరో అంటున్నారు. 1980ల చివరి నుంచి ఓ 2001 దాకా అనుకుందాం. మరీ కచ్చితంగా గీత గియ్యొద్దు, ఇక్కడ 2001లో పుట్టినవాళ్ళు కూడా ఉన్నట్టున్నారు, నొచ్చుకుంటారు.

ముందు అసలు అన్ని ఎడారులు ఎందుకొచ్చాయి, అది చూద్దాం. గేములు చేసేవాళ్ళందరికీ ఎడారి మీద ప్రేమ పుట్టిందా? కాదు. మెమరీ లెక్క అది. 90ల్లో మన ఇళ్ళల్లో టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడుకున్న డబ్బాలు ఉన్నాయి చూశారూ, వాటిలో చాలావరకు నింటెండో వాళ్ళ ఫామికామ్‌కి నకళ్ళు. ఆ యంత్రంలో పని చేసుకోడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. కిలోబైట్లండీ, మెగాబైట్లు కాదు. తెర మీద వెనక కనిపించే దృశ్యం మొత్తం చిన్న చిన్న పలకలు పేర్చి చేసిందే, ఒక్కో పలక అటు 8 పిక్సెళ్ళు, ఇటు 8 పిక్సెళ్ళు. అడ్డంగా 32, నిలువుగా 30, మొత్తం 960 పలకలు. కానీ మామూలుగా ఒకేసారి చేతిలో ఉండే బొమ్మలు 256. అంటే ఏమిటి? ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ పరచాలి. రంగుల సంగతీ అంతే, నాలుగు పలకల గుంపుకి కలిపి ఒకటే రంగుల సెట్టు, అందులో మూడు రంగులు, వాటికి తోడు తెర మొత్తానికీ ఉమ్మడిగా ఒక వెనక రంగు.

ఇప్పుడు చెప్పండి, ఆ గేమ్ చేసేది మీరైతే అడవి గీస్తారా, ఎడారి గీస్తారా? అడవికి చెట్లు కావాలి, చెట్టుకీ చెట్టుకీ తేడా కావాలి, లేకపోతే కళ్ళకి పట్టేస్తుంది. ఎడారికి ఏం కావాలి? రెండు రకాల ఇసుక పలకలు, ఒక జెముడు మొక్క, దూరంగా ఒక పిరమిడ్. అయిపోయింది. అదే పలక రెండొందల సార్లు పరిచినా ఒక్కరూ అడగరు, ఎడారంటే అలాగే ఉంటుంది కదా అనుకుంటారు. యంత్రం పేదరికాన్ని ఎడారి కప్పిపెట్టేసింది. అందుకే పచ్చిక లోకం, ఎడారి లోకం, నీళ్ళ లోకం, మంచు లోకం, చివర్లో నిప్పులు అని ఒక వరసే తయారైపోయింది, ఒకళ్ళని చూసి ఒకళ్ళు. అమెరికాలో 1988లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2లో రెండో లోకం ఎడారే. అందులో ఇసుకని చేతుల్తో తవ్వుకుంటూ కిందికి దిగాలి, అది నాకు ఇష్టం, ఇసుక కాస్త పని చేస్తోంది అక్కడ. అదే ఏడు జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 ఉంది, అమెరికాకి 1990లో చేరింది, దాంట్లోనూ రెండో లోకం ఎడారే.

ఈ మారియో 3 ఎడారి దగ్గర కొంచెం ఆగుతాను. ఎంతమంది ఆడారు? చేతులు ఎత్తండి. అబ్బో. అయితే సూర్యుడు గుర్తుండాలి.

గుర్తులేనివాళ్ళకి చెప్తాను. ఆ లోకంలో ఒక ఊబి లెవెల్ ఉంటుంది. మొదలవగానే పైన ఓ మూల సూర్యుడు ఉంటాడు, ముఖం ఉన్న సూర్యుడు, కోపంగా చూస్తుంటాడు. మీరు పట్టించుకోరు. ఎందుకు పట్టించుకోరు? ఎందుకంటే ఆ గేములో అప్పటిదాకా ఆకాశంలో ఉన్నవి ఏవీ మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు. మబ్బులు ఉన్నాయి, కొండలు ఉన్నాయి, అవి బొమ్మలు, వాటి పని అవి చూసుకుంటాయి, మన పని మనం చూసుకుంటాం. అలా కింద ఊబి చూసుకుంటూ, సుడిగాలి తప్పించుకుంటూ కొంత దూరం పోతారు. అప్పుడు ఆ సూర్యుడు ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలెడతాడు. తిరిగి, కొడవలి విసిరినట్టు ఒంపు తిరుగుతూ మీ మీదికి దిగుతాడు. దిగి, అటు పక్కకి ఎక్కి, మళ్ళీ దిగుతాడు. లెవెల్ అయ్యేదాకా వదలడు. కింద చూస్తే ఊబి, దాంట్లో పడితే బటన్ టకటకా నొక్కి గెంతుతూ పైకి రావాలి. పైన చూస్తే ఈయన. తాబేలు చిప్ప చేతికి దొరికితే ఎత్తి విసిరి సూర్యుణ్ణి చంపేయొచ్చు, అవును, నిజంగా చంపేయొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలీదు.

నా ఉద్దేశంలో ఎడారిని గేమ్ అర్థం చేసుకున్న మొదటి క్షణాల్లో ఇదొకటి. ఎందుకంటే రోహిణి కార్తె ఎండ చూసినవాడెవడికైనా తెలుసు, ఎండ అనేది దృశ్యం కాదు, మీద పడే వస్తువు. క్యోటోలో కూర్చుని గేమ్ చేసినవాళ్ళు వేడిని ఎలా చూపించాలా అని ఆలోచించి ఉంటారు, ఆ యంత్రంలో చెమట చూపించలేరు, గాలి అల్లాడ్డం చూపించలేరు, సరే, సూర్యుడికే కోపం తెప్పిద్దాం అన్నారు.

మిగతావి కొన్ని త్వరగా చెప్పేస్తాను, లేకపోతే డ్యూన్ దాకా రాలేం. 1994లో సోనిక్ అండ్ నకల్స్‌లో శాండోపోలిస్ అని ఒక ఎడారి లెవెల్ ఉంది, మొదటి భాగం బయట ఇసుక, రెండో భాగం పిరమిడ్ లోపల. లోపల దీపాలు మెల్లమెల్లగా మసకబారతాయి, చీకటి పెరిగేకొద్దీ దెయ్యాలు వస్తాయి, గోడకున్న పిడి లాగితే వెలుతురు మళ్ళీ వస్తుంది, కాసేపే. కింద నుంచి ఇసుక నిండుతూ వస్తుంటే దాంతోపాటు పైకి ఎక్కాల్సిన చోట్లున్నాయి. ఆలోచన బాగుంది గానీ పాడు లెవెల్, మరీ పొడుగు, సోనిక్‌కి ఉన్న పది నిమిషాల గడువు అక్కడే అయిపోతుంది, పరిగెత్తే గేములో నిలబెట్టి పజిల్ ఇస్తే ఎవరికి ఓపిక? అదే ఏడు ఫైనల్ ఫాంటసీ 6లో ఫిగారో కోట, శత్రువు వచ్చి నిప్పు పెడితే కోట మొత్తం ఇసుకలోకి దిగిపోతుంది, జలాంతర్గామిలాగా. ఆ ఒక్క దృశ్యం కోసం ఆ గేమ్ ఆడొచ్చు.

1998లో ఒకరీనా ఆఫ్ టైమ్, జెల్డా గేమ్. అందులో ఎడారి దాటాలి, ఇసుక తుఫానులో ఏమీ కనబడదు, నాటిన జెండాలు పట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలి. జెండా తప్పితే తిరిగి తిరిగి మొదటికే వస్తారు. నింటెండో 64 యంత్రం దూరంగా ఉన్నవి గియ్యలేదు, చాలా గేముల్లో పొగమంచు పెట్టి ఆ లోపాన్ని దాచారు, ఇక్కడ ఆ లోపమే ఇసుక తుఫాను అయ్యింది, ఆటకి పనికొచ్చింది. ఆ ఎడారిలో ఉండే గెరూడో వాళ్ళ గుర్తు మొదట్లో నెలవంక, నక్షత్రం. తర్వాత వచ్చిన కాపీల్లో మార్చేశారు. ఎందుకు మార్చారో ఊహించడం కష్టం కాదు. ఎడారి అనగానే అరబ్బు, అరబ్బు అనగానే దొంగలు, ఈ లంకె ఆ రోజుల గేముల్లో ఎక్కడ చూసినా ఉంది.

సంగీతం కూడా అంతే. ఎడారి లెవెల్ రాగానే ఒక రకమైన బాణీ వస్తుంది, కళ్ళు మూసుకుని విన్నా ఇది ఎడారి అని చెప్పేస్తారు. అలా వాడే స్వరాల వరసల్లో ఒకదాన్ని పాశ్చాత్య సంగీతం వాళ్ళు డబుల్ హార్మోనిక్ అంటారు. ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అదేమిటో తెలుసా? మాయామాళవగౌళ. మన పిల్లలు పొద్దున్నే పీట మీద కూర్చుని సరళీ వరసలు పాడే రాగం. వాళ్ళకది ఒంటెలు, పాముబుట్టలు, దొంగల గుహ. మనకది పంతులమ్మ గారింట్లో ట్యూషన్. పాపం, వాళ్ళేదో భయపెడదామని వాయిస్తుంటే నాకు తాళం వెయ్యాలనిపిస్తుంది.

ఇసుకే చట్టం

ఇప్పుడు డ్యూన్ 2. 1992, డాస్ కంప్యూటర్ల మీద. వెస్ట్‌వుడ్ స్టూడియోస్ వాళ్ళు చేశారు. ఫ్రాంక్ హెర్బర్ట్ నవల మీద కట్టిన గేమ్, అరాకిస్ అనే ఎడారి గ్రహం, అక్కడ మాత్రమే దొరికే స్పైస్ అనే పదార్థం, దాని కోసం మూడు వంశాల కొట్లాట. కథ తెలీకపోయినా ఫరవాలేదు. మనలో చాలామంది రెడ్ అలర్ట్ ఆడినవాళ్ళే కదా? కమాండ్ అండ్ కాంకర్? అవి చేసింది కూడా ఈ వెస్ట్‌వుడ్ వాళ్ళే, వాటికి తాత ఈ డ్యూన్ 2. బేస్ కట్టడం, బండి పంపి ఖనిజం తెప్పించుకోవడం, ఆ డబ్బుతో ట్యాంకులు చేయించడం, అవతలివాడు కూడా అదే సమయంలో అదే పని చేస్తుండడం, ఈ పద్ధతి మొత్తానికి ఒక రూపం వచ్చింది ఇక్కడే.

నాకు ఇందులో నచ్చేది వేరే. ఈ గేములో ఇసుక ఏం చేస్తుంది? అన్నీ ఇసుకే చేస్తుంది. చూడండి, ఇల్లు కట్టాలంటే రాతి నేల మీదే కట్టాలి, ఇసుక మీద కుదరదు. రాతి మీదైనా ముందు కాంక్రీటు పలకలు పరిచి కట్టాలి, పరచకుండా కడితే కట్టడం మొదటి రోజు నుంచే దెబ్బతిని ఉంటుంది. రాయి తక్కువ, ఇసుక ఎక్కువ. డబ్బు ఎక్కడుంది? స్పైస్ ఇసుకలో ఉంది. అంటే మీ ఇల్లు భద్రంగా ఉన్నచోట డబ్బు లేదు, డబ్బు ఉన్నచోట భద్రత లేదు. ఎందుకు లేదు? ఇసుక కింద బండ్లని మింగేసేంత పెద్ద పురుగు ఉంది. నేల మీద చిన్న మెరుపులాంటి కదలిక కనిపిస్తుంది, అంతే, మీ స్పైస్ బండి ఉన్నచోట నోరు తెరుచుకుంటుంది, బండి లేదు. పేలుడు లేదు, పొగ లేదు, శిథిలాలు లేవు. ఉండింది, లేదు. ఆ పురుగు రాతి మీదికి రాలేదు. మీ బండ్లు రాతి మీదే కూర్చుంటే డబ్బు రాదు.

ఇంకో సంగతి, ఆ గేములో ఒకేసారి పది ట్యాంకులు పట్టుకుని పదండిరా అనడానికి లేదు. ఒక్కోదాన్నీ ఎంచుకోవాలి, ముందు ఆజ్ఞ నొక్కాలి, తర్వాత చోటు నొక్కాలి. పురుగు వస్తోందని తెలిసినప్పుడు ఎనిమిది బండ్లు వెనక్కి లాగాలంటే ఎనిమిదిసార్లు ఈ తతంగం. ఆ టెన్షన్ ఇప్పటి గేముల్లో లేదు. మౌస్ పట్టుకున్న చెయ్యి చెమట పట్టేది. ఇప్పుడు ఆడితే చిరాకు పుడుతుంది, అది ఒప్పుకుంటాను, కానీ ఆ చిరాకు వల్లే పురుగంటే భయం.

ఇంతకీ వెస్ట్‌వుడ్ వాళ్ళ ఆఫీసు ఎక్కడో తెలుసా? లాస్ వేగాస్. నెవాడా ఎడారి మధ్యలో. కిటికీ తీస్తే కనిపించేదే గేములో పెట్టారు అని చెప్పను, అది మరీ సులువైన మాట. కానీ నీళ్ళు ఎక్కడి నుంచో తెచ్చుకుని, కాంక్రీటు పరిచి, ఎడారిలో బతికే ఊరు ఎలా ఉంటుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత అదే పద్ధతిని కమాండ్ అండ్ కాంకర్‌లో మామూలు భూమి మీదికి తెచ్చారు, స్పైస్ బదులు టైబీరియం వచ్చింది, గేమ్ ఇంకా సులువైంది, ఇంకా ఎక్కువ అమ్ముడైంది. నేల మాత్రం చచ్చిపోయింది. ఎక్కడైనా కట్టొచ్చు, ఎక్కడైనా తిరగొచ్చు. నాకది నష్టమే.

నీళ్ళు అన్నాను కాబట్టి ఫాల్‌అవుట్. 1997, ఇంటర్‌ప్లే. అణుయుద్ధం అయిపోయిన తర్వాత కాలిఫోర్నియా అంతా ఎడారి. మీరు పుట్టి పెరిగింది వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయంలో. అక్కడ నీళ్ళు శుద్ధి చేసే యంత్రంలో ఒక చిప్ పాడైంది. పెద్దాయన పిలిచి, బాబూ, బయటికెళ్ళి ఇలాంటి చిప్ ఇంకొకటి పట్రా అంటాడు. ఎన్ని రోజుల్లో? 150 రోజుల్లో. ఆ లెక్క ఉత్తుత్తిది కాదు. 150 రోజులు దాటిందా, మీ వాళ్ళందరూ దాహంతో పోయారు, గేమ్ అయిపోయింది. మీరు ఎంత బలంగా ఉన్నా, చేతిలో ఎన్ని తుపాకులున్నా, అయిపోయింది.

ఎడారిని వాళ్ళు ఎలా చూపించారో చూడండి. మ్యాప్ ఒకటి, గోధుమ రంగులో, చాలావరకు చీకటి. ఒక చోటు నొక్కితే చిన్న గుర్తు మెల్లగా పాకుతుంది, పక్కన తేదీ మారుతూ ఉంటుంది. తారీఖులు గిర్రున తిరుగుతుంటాయి. ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి వెళ్ళేసరికి వారం పోయింది. వెళ్ళాక తెలిసింది, చిప్ ఇక్కడ లేదు. ఇంకో వారం. దూరం అంటే ఇక్కడ కిలోమీటర్లు కాదు, మీ వాళ్ళు తాగే నీళ్ళు. ఒక్క ఇసుక రేణువు మీద పడకుండానే ఎడారి గొంతు పట్టుకుంటుంది. హబ్ అనే ఊళ్ళో నీళ్ళ వర్తకులు ఉంటారు, డబ్బులిచ్చి మీ వాల్ట్‌కి నీళ్ళు పంపించుకోవచ్చు, ఇంకో 100 రోజులు కలుస్తాయి. అనంతపురం వైపు వాళ్ళెవరైనా ఉంటే మీకు ఇది వివరించక్కర్లేదు, ట్యాంకరు బేరమే. కాకపోతే మొదట వచ్చిన గేములో ఆ వర్తకుల రాకపోకల వల్ల మీ వాల్ట్ జాడ శత్రువులకి తొందరగా తెలిసిపోతుంది. నీళ్ళు కొన్నారు, రహస్యం అమ్మారు.

చిప్ ఎక్కడ దొరుకుతుందో చెప్పను. అడగొద్దు.

మనవాళ్ళు ఉన్న ఎడారి

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే గేమ్. డెజర్ట్ స్ట్రైక్, 1992, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, మొదట సెగా మెగాడ్రైవ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చింది. పూర్తి పేరులోనే గల్ఫ్‌కి తిరిగి రాక అని ఉంటుంది. అపాచీ హెలికాప్టర్, ఏటవాలుగా పై నుంచి చూసే ఎడారి, ఒక పిచ్చి నియంత. గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది.

గేముగా అద్భుతం. కాదనలేం. ఇంధనం తరుగుతూ ఉంటుంది, పీపాలు వెతుక్కోవాలి, కొక్కెం దించి పైకి లాక్కోవాలి, తొందరపడి కాలిస్తే ఆ పీపా కూడా పేలిపోతుంది. చిక్కుకున్న సైనికుల్ని ఎక్కించుకుని దించితే హెలికాప్టర్ కవచం బాగవుతుంది. నా పరీక్షలో ఇది పాసే, ఎందుకంటే ఖాళీ ఇసుక అంటే అక్కడ ఇంధనం అని అర్థం, ఎటు వెళ్ళాలన్నా ఆలోచించి వెళ్ళాలి.

మరి ఇబ్బంది ఏమిటి? ఆ ఎడారిలో మనుషులు లేరు. కాల్చాల్సినవాళ్ళు ఉన్నారు, కాపాడాల్సినవాళ్ళు ఉన్నారు, అంతే. 1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అక్కడ ఎవరున్నారు? మన కడప వాళ్ళున్నారు, గోదావరి జిల్లాల వాళ్ళున్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. ఎయిర్ ఇండియా విమానాలు దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చాయి, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి. అమ్మాన్ దాకా ఎలా వచ్చారు? కువైట్ నుంచి ఇరాక్ మీదుగా బస్సుల్లో, ఆ ఎడారి దాటుకుని, సరిహద్దులో గుడారాల్లో పడిగాపులు పడి. మీ ఇళ్ళల్లో ఆ ప్రయాణం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి, చెప్తారు. ఇంకో రెండేళ్ళలోనే ఆ ఎడారి పిల్లల టీవీలోకి వచ్చేసరికి పీపాలు, రాడార్లు, ట్యాంకులు మిగిలాయి. గేమ్ చేసినవాళ్ళని తిట్టడానికి కాదు ఈ మాట, వాళ్ళు టీవీలో చూసిన యుద్ధం అలాగే ఉంది, పై నుంచి చూసిందే. కానీ మనకి ఆ ఇసుక మీద చుట్టాలున్నారు, ఆ తేడా మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?

డస్ట్ 2 గురించి చెప్పకపోతే నన్ను కిందికి దిగనివ్వరు, తెలుసు. అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంటకి ఇంత అని కట్టి ఎంతమంది చదువులు దాని మీద పోయాయో. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల గేములో ఒక మ్యాపు, అంటే కొట్లాట జరిగే చోటు, 2001. దానికి ముందు 1999లో డస్ట్ వచ్చింది. రెండూ చేసింది డేవ్ జాన్‌స్టన్, అప్పటికి ఇంకా టీనేజీ దాటని బ్రిటన్ కుర్రాడు. అప్పటికి విడుదల కాని ఇంకో గేమ్ తాలూకు ఫొటోలు చూసి, ఆ ఎడారి ఊరు కళ నచ్చి మొదలెట్టాడు. అక్కడ ఇసుక ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. కాలు దిగదు, గాలి లేవదు, దాహం లేదు. కానీ ఆ రంగు పని చేస్తుంది. లేత పసుపు గోడల ముందు మనిషి ఆకారం ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది, నీడలో ఉన్నది గుమ్మమో మనిషో ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఆ క్షణంలో పోతారు. ఇన్నేళ్ళయినా ఆడుతున్నారంటే ఆ స్పష్టత వల్లే. ఎడారిగా సున్నా, మ్యాపుగా వంద. నా పరీక్ష అన్నిటికీ పనిచెయ్యదు, తెలుసు.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఆడలేనిది కూడా. డెజర్ట్ బస్.

పెన్, టెల్లర్ అని అమెరికాలో ఇద్దరు ఇంద్రజాలికులు ఉన్నారు. వాళ్ళ పేరు మీద సెగా సీడీ అనే గేమ్ యంత్రానికి ఒక గేమ్ తయారైంది, కొన్ని చిన్న ఆటలు కలిపి, ఎక్కువభాగం స్నేహితుల్ని ఏడిపించడానికి పనికొచ్చేవి. 1995లో రావాలి, ప్రచురించే కంపెనీ మూతపడింది, గేమ్ రాలేదు. దాంట్లో ఒక ఆట ఈ డెజర్ట్ బస్. అప్పట్లో అమెరికాలో వీడియో గేముల్లో హింస ఎక్కువైందని పెద్ద గొడవ, 1993లో సెనేట్‌లో విచారణ కూడా జరిగింది. సరే, హింస లేని, నిజ జీవితంలాగే ఉండే గేమ్ కావాలా, ఇదిగో తీసుకోండి అన్నారు వీళ్ళు.

ఏమిటా గేమ్? అరిజోనాలోని టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కి బస్సు నడపాలి. గంటకి 45 మైళ్ళు దాటదు, అంటే మన లెక్కలో 72 కిలోమీటర్లు. ప్రయాణం 8 గంటలు. నిజమైన 8 గంటలు. లెక్కేస్తే 570 కిలోమీటర్లు పైమాట, హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్ళినంత. బస్సులో ప్రయాణికులు లేరు. ఎదురుగా బండ్లు రావు. మలుపుల్లేవు. ఆపి మళ్ళీ ఆడదామంటే పాజ్ లేదు. అయితే రిమోట్‌కి టేపు చుట్టి పడుకుంటాం అంటారా? బస్సు కొద్దికొద్దిగా కుడి పక్కకి లాగుతుంది, మాటిమాటికీ సరిచెయ్యాలి. సరిచెయ్యకపోతే రోడ్డు దిగి ఇసుకలో కూరుకుంటుంది. కూరుకుంటే లాగుడు బండి వచ్చి టూసాన్‌కి తీసుకెళ్తుంది, అది కూడా ఎంతసేపు నడిపారో అంతసేపు. మొత్తం దారిలో జరిగే సంఘటన ఒక్కటే, ఎప్పుడో గంటలు గడిచాక అద్దానికి ఒక పురుగు తగిలి పచక్ మంటుంది. అంతే. 8 గంటలు పూర్తిచేసి వేగాస్ చేరితే ఎన్ని పాయింట్లు? ఒకటి. తర్వాత, వెనక్కి తీసుకెళ్తారా అని అడుగుతుంది.

నవ్వుతున్నారు. నవ్వండి. కానీ చూడండి, ఇప్పటిదాకా చెప్పుకున్న గేముల్లో ఎడారిలో సూర్యుడు దూకాడు, పురుగు మింగింది, దెయ్యాలు వచ్చాయి. ఇక్కడ ఏమీ లేదు. ఉన్నదొక్కటే, రోడ్డు, ఇసుక, కుడి పక్కకి లాగే చక్రం. రాత్రిపూట లారీ తోలేవాళ్ళని అడగండి ఏ గేమ్ నిజానికి దగ్గరగా ఉందో.

దీని కథ అక్కడితో అయిపోలేదు. సమీక్షల కోసం పంపిన కాపీ ఒకటి 2000ల మధ్యలో బయటపడింది, జనానికి చేరింది. 2007లో కెనడాలోని విక్టోరియాలో కామెడీ వీడియోలు చేసే బృందం ఒకటి, లోడింగ్‌రెడీరన్, మేము ఈ బస్సు నడుపుతాం, మీరు డబ్బులివ్వండి, ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకి బొమ్మలు, గేములు కొనే సంస్థకి ఇస్తాం అన్నారు. మొదటి గంటకి ఒక డాలరు. తర్వాత ప్రతి గంటకీ ముందు గంటకంటే 7 శాతం ఎక్కువ. చక్రవడ్డీ అన్నమాట. వినడానికి చిన్నదే, రోజులు గడిచేకొద్దీ ఒక్కో గంటా ఎక్కడికి పోతుందో మీరే లెక్కేసుకోండి. మొదటి ఏడే 20,000 డాలర్లు దాటింది. అప్పటి నుంచి ఏటా నవంబరులో నడుపుతున్నారు, కొన్నేళ్ళు 10 లక్షల డాలర్లు కూడా దాటింది. పగలూ రాత్రీ వంతులవారీగా, నిద్ర కళ్ళతో, ఆ కుడి పక్కకి లాగే బస్సుని సరిచేస్తూ. ఎవర్ని వెక్కిరించడానికి చేసిన గేమ్, ఎవరి దగ్గరికి చేరింది చూడండి.

నాకిచ్చిన టైము అయిపోయింది అంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు ఉంటే... ఆ, చెప్పు బాబూ.

అటారీ అనే గేమ్ కంపెనీ క్యాసెట్లు ఎడారిలో పూడ్చిపెట్టారంటారు, నిజమేనా అని అడుగుతున్నాడు. నిజమే. 1983 సెప్టెంబరులో, న్యూ మెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో. అమ్ముడుపోని సరుకు లారీల్లో తెచ్చి పోసి పైన కాంక్రీటు వేశారు. ఈటీ సినిమా మీద చేసిన గేమ్ ఒక్కటే అనుకుంటారు అందరూ, కాదు, ఇంకా చాలా గేములున్నాయి. చాలా ఏళ్ళు అది పుకారే అన్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే బయటపడ్డాయి, 1,300 దాకా పైకి తీశారు. ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టారు. ఆ ఈటీ గేములో మీరు ఎక్కువసేపు చేసే పని ఏమిటో తెలుసా? గుంటల్లో పడడం.

ఇంకెవరు? ఏమ్మా? ఫాల్‌అవుట్‌లో ఆ చిప్ సంగతి చెప్పకుండా వెళ్ళనివ్వను అంటోంది. చెప్పనన్నాను కదా. సరే, 1997 గేమ్, ఇంకెన్నాళ్ళు దాస్తాం. ఆడదలచుకున్నవాళ్ళు చెవులు మూసుకోండి. నెక్రోపోలిస్ అని ఒక పాడుబడ్డ ఊరు ఉంటుంది, ఒళ్ళు కుళ్ళిపోయినట్టు కనిపించే మనుషులు బతుకుతుంటారు అక్కడ. చిప్ వాళ్ళ నేల కిందే ఉంది, పనిచేస్తూ ఉంది, అంటే వాళ్ళు తాగే నీళ్ళు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మీ 150 రోజుల్లో చాలా పోయాయి, చిప్ కళ్ళ ముందుంది, తీసుకుని పరిగెత్తాలనిపిస్తుంది. తీసుకోవచ్చు, గేమ్ ఆపదు. కానీ అక్కడ పాడైన నీళ్ళ పంపు ఒకటుంది, దానికి కావాల్సిన విడిభాగాలు మురుగు కాలవల్లో దొరుకుతాయి, వెతికి తెచ్చి అది బాగుచేసి ఆ తర్వాత చిప్ తీసుకుంటే వాళ్ళూ బతుకుతారు. ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టరు. ఇంకాస్త సమయం ఖర్చవుతుంది, అంతే. కాబట్టి ముందు పంపు చూడండి, తర్వాతే చిప్ మీద చెయ్యి వెయ్యండి.

టీ వచ్చింది, పదండి.